ఇతరములు

ఇసుకతోట జంక్షన్లో ఇసకా లేదు, తోటా లేదు.
మూసి ఉన్న మందుల షాపు మెట్ల మీద
నేను, ఒక ప్లాస్టిక్ కుర్చీ, క్లిప్పు పెట్టిన అట్ట, రెండు పెన్నులు.
తెల్లారగట్ల నాలుగు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా
పోయే ప్రతి బండికీ ఒక గీత.
నాలుగు నిలువు, అయిదోది అడ్డం.
రోజుకి ఆరువందలు. టీ మనదే.

శిక్షణంతా అరగంట. సన్యాసిరావు గారు చెప్పారు:
"ఈ లెక్కలో అన్నిటికీ కొలత కారేనమ్మా.
లారీ అంటే మూడు కార్లు. బస్సూ అంతే.
సైకిలు అర కారు.
ఆటో ఒక కారు."
లోపల ముగ్గురున్నా, పదకొండుమందున్నా?
"ఉన్నా."
ఆ సాయంత్రం షేరాటోలో డ్రైవరు పక్కన
ఒక కాలు గాల్లో పెట్టుకుని ఇంటికెళుతూ తేల్చుకున్నాను,
నేను కారులో పదకొండో వంతు.

నాలుగుంపావు. పట్టా కప్పిన లారీలు.
దాటిపోయాక కూడా పళ్ల మధ్య కరకరలాడే బొగ్గు.
గీత. గీత. గీత.
స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సులో
తలలు వెనక్కి వాల్చిన నలభై నిద్రలు:
మూడు కార్లు.
మధురవాడలో రాత్రి డ్యూటీ దిగి
అద్దానికి చెంప ఆన్చుకున్న అమ్మాయి, ఒక్కతే:
నిండా ఒక కారు.

ఏడు దాటాక వచ్చింది కాసులమ్మ.
నెత్తిన సిల్వరు తప్పేలా, కవ్వళ్ల మీద తడి గోనెగుడ్డ,
చెవి పక్కనించి కారుతున్న ఉప్పునీళ్లు.
వాడుక ఇళ్లన్నీ రోడ్డుకి అవతల.
అవతల అంటే ఒకప్పుడు అరవై అడుగులు.
నడిమధ్య ఇనపకంచె లేచాక
సందు దాకా ముప్పావు కిలోమీటరు,
మళ్లీ ముప్పావు వెనక్కి.
ఈలోగా చేప కన్ను తెల్లబడిపోతుంది.
ఎవరో పుణ్యాత్ముడు ఒక ఊచ వంచాడు.
తప్పేలా ముందు, మనిషి తర్వాత.

తిరిగొస్తూ నా దగ్గర ఆగింది.
"ఏటి గుంటా, పొద్దుటేలనించీ గీతలే గీత్తన్నావు?"
బళ్లు లెక్కపెడుతున్నానమ్మా, వంతెన కట్టాలో వద్దో తేల్చడానికి.
"వంతెనేత్తే నానెక్కడ దాటాల?"
నా దగ్గర రెండు పెన్నులున్నాయి. జవాబు లేదు.
బస్సెక్కవా అనడిగాను, మాట మార్చడానికి.
"కండక్టరు నీసు వాసనని దింపీసినాడు, నా వొయిసులో.
ఆడే మజ్జాన్నం పులుసెట్టుకు తింతాడు.
ఆటో వోళ్లే నయం. డబ్బులిత్తే వాసన రాదు ఆళ్లకి."
వెళ్తూ వెళ్తూ తిరిగి, "నన్ను రాసినావా?"

గళ్లు వెతికాను. కారు, జీపు, వ్యాను, ట్రాక్టరు, రిక్షా.
ఎడ్లబండికి కూడా గడి ఉంది,
ఈ జంక్షన్లో ఎద్దు మొహం చూసి ఎన్నేళ్లయిందో గానీ.
నడిచే మనిషికి లేదు.
అన్నిటికన్నా చివర, సన్నగా: ఇతరములు.
అక్కడ గీశాను ఆమెని.
రాసేనమ్మా అన్నాను. "ఏటని?" అనలేదు, బతికించింది.

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.
పుల్లల మోపు ముసలాయన.
బడి సంచితో ఇద్దరు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, రెండు గీతలు.
టిఫిను కేరియరు, తాపీ, తూకపుగుండు పట్టుకున్న మేస్త్రి.
చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తిన నర్సు.

పదింటికి సన్యాసిరావు గారు కాగితం తీసుకున్నారు.
"ఇతరములు పధ్నాలుగా? ఏవిటివి?"
మనుషులండీ.
ఆయన తిట్టలేదు. కళ్లజోడు తీసి
చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.
"మనుషులు రోడ్డు మీద ఉంటారమ్మా.
ట్రాఫిక్‌లో ఉండరు. కంప్యూటరు తీసుకోదు."
కాగితం నాకే ఇచ్చేసి, టీ తాగొస్తానన్నారు.
టీకొట్టు అవతల.

అటూ ఇటూ చూశారు. ఫైలు చంకలో ఇరికించారు.
పొట్ట బిగపట్టి, తల ముందు పెట్టి,
వంచిన ఊచ సందులోంచి దూరారు.

పదిహేనోది.
అడ్డంగా గీశాను.